పోటీ హాలు వెలుతురుకు రోబో కెమెరాను సెట్ చేసుకోవడం: విద్యార్థి టీమ్‌లకు సమగ్ర మార్గదర్శి

ల్యాబ్‌లో టార్గెట్‌ను ఒక్కసారి కూడా వదలని రోబో, పోటీ హాల్లోకి వచ్చాక ఎవరిదో టీషర్ట్ చూసి దాని వెంట పడుతుంది. లేదా ఎదురుగా ఉన్న నలుపు తెలుపు ట్యాగ్‌ను చూడకుండా గోడకు గుద్దుకుంటుంది. కోడ్ అదే, కెమెరా అదే, మారింది వెలుతురు ఒక్కటే. అప్పుడు చాలా టీమ్‌లు వెంటనే ల్యాప్‌టాప్ తెరిచి కలర్ థ్రెషోల్డ్ (ఏ రంగును టార్గెట్‌గా లెక్కించాలో చెప్పే హద్దు) స్లైడర్లు అటూ ఇటూ జరపడం మొదలుపెడతాయి. నిజానికి అది అన్నిటికన్నా చివర్లో చేయాల్సిన పని. కెమెరా ఇచ్చే బొమ్మే నిలకడగా లేనప్పుడు దాని మీద సరిచేసిన అంకెలు తర్వాతి మ్యాచ్ దాకా కూడా నిలవవు. ముందు కెమెరాను నిలబెట్టాలి, తర్వాత వెలుతురును సరిపెట్టాలి, ఆ తర్వాతే అంకెలు ముట్టుకోవాలి. ఈ గైడ్ అంతా ఆ వరుసలోనే సాగుతుంది.

పోటీ పేరు ఏదైనా, విద్యార్థుల రోబోలు కెమెరాతో చేసే పనులు ముఖ్యంగా రెండు. ఒకటి, రంగును బట్టి వస్తువును గుర్తుపట్టడం. రోబోకప్ జూనియర్ సాకర్‌లో పసుపు, నీలం గోల్‌లు, డబ్ల్యూఆర్‌ఓ (వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్) ఫ్యూచర్ ఇంజనీర్స్‌లో ఎరుపు, ఆకుపచ్చ దిమ్మెలు ఈ కోవలోకి వస్తాయి. రెండోది, ఏప్రిల్‌ట్యాగ్ లాంటి నలుపు తెలుపు గుర్తులను చదివి ఫీల్డ్‌లో తానెక్కడుందో లెక్కగట్టుకోవడం. మిషిగన్ యూనివర్సిటీలో పుట్టిన ఈ ట్యాగ్‌లు ఎఫ్‌ఆర్‌సీలోకి (ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటిషన్) 2023 సీజన్‌లో, ఎఫ్‌టీసీలోకి (ఫస్ట్ టెక్ ఛాలెంజ్) 2023-24 సీజన్‌లో వచ్చాయి.

ఈ రెండు పనులకూ ఒకే సెట్టింగ్ సరిపోదు. ట్యాగ్‌కు పదునైన అంచులు కావాలి. బొమ్మ కాస్త చీకటిగా ఉన్నా, రంగు తేడాగా ఉన్నా దానికి ఇబ్బంది లేదు. రంగు పనికి నిలకడైన వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులను సరిచేసే సెట్టింగ్) కావాలి, వెలుతురు ఎక్కువై వస్తువు తెల్లగా పాలిపోకూడదు. అంచులు కొంచెం అలుక్కుపోయినా నష్టం లేదు. ఒకే కెమెరాతో రెండూ చేయించాలంటే రెండు ప్రొఫైళ్లు (విడివిడి సెట్టింగ్‌ల కట్టలు) పెట్టుకుని, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారిన వెంటనే వచ్చే కొన్ని ఫ్రేములను కోడ్‌లో వదిలేయండి. కొత్త ఎక్స్‌పోజర్ (ఒక్కో ఫ్రేముకు సెన్సర్ వెలుతురు తీసుకునే సమయం) ఆ క్షణంలోనే అమల్లోకి రాదు. నిబంధనలు ఒప్పుకుంటే రెండు కెమెరాలు పెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

1. బయలుదేరే ముందే ముగించాల్సిన పనులు

హాల్లో ఫీల్డ్ మీద మీకు దొరికే సమయం చాలా తక్కువ. వెలుతురుతో సంబంధం లేని పని ఏదీ అక్కడికి మోసుకెళ్లకండి.

ముందు లెన్స్ సంగతి. మ్యాచ్‌లో టార్గెట్ ఎంత దూరంలో ఉంటుందో ఆ దూరానికి ఫోకస్ పెట్టి, లెన్స్ రింగ్ మళ్లీ తిరగకుండా స్క్రూతోనో, చుక్క గ్లూతోనో బిగించేయండి. ఆటోఫోకస్ ఉన్న వెబ్‌క్యామ్ అయితే దాన్ని సాఫ్ట్‌వేర్‌లో ఆపి ఫోకస్‌ను ఒక విలువ దగ్గర నిలపండి. ఆ తర్వాత లెన్స్ కాలిబ్రేషన్ చేయాలి. చెస్‌బోర్డు గానీ చారుకో బోర్డు (చెస్‌బోర్డు గళ్లలో చిన్న గుర్తులున్నది) గానీ రకరకాల కోణాల్లో, ఫ్రేము మూలలదాకా జరుపుతూ బొమ్మలు తీస్తే ఫోకల్ లెంగ్త్, లెన్స్ వంపు లెక్కలు తేలుతాయి. ఓపెన్‌సీవీ అనే బొమ్మల విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో ఈ పనికి వాడే విధానం జెంగ్‌యూ జాంగ్ 2000లో ప్రచురించిన పద్ధతి మీద ఆధారపడింది. రీప్రొజెక్షన్ ఎర్రర్ (లెక్క ప్రకారం బోర్డు గళ్ల మూలలు ఉండాల్సిన చోటుకూ, బొమ్మలో నిజంగా ఉన్న చోటుకూ తేడా) ఒక పిక్సెల్‌లోపు, వీలైతే అర పిక్సెల్‌లోపు రావాలి. బోర్డు కాగితం ఉబ్బుగా ఉంటే లెక్క మొత్తం తప్పుతుంది కాబట్టి దాన్ని గట్టి చదునైన పలక మీద అంటించండి. ఇలా వచ్చిన లెక్క ఆ రిజల్యూషన్‌కు మాత్రమే చెల్లుతుంది. హాల్లో వేగం కోసం రిజల్యూషన్ తగ్గించే అవకాశం ఉందనిపిస్తే రెండింటికీ ముందే చేసి దాచుకోండి. ఆపైన ఎవరూ లెన్స్‌ను ముట్టుకోకపోతే హాల్లో దీన్ని మళ్లీ చేయక్కర్లేదు.

రెండోది కెమెరా బిగింపు. కెమెరా పైకి చూస్తూ ఉంటే సీలింగ్ లైట్లు నేరుగా ఫ్రేములోకి వస్తాయి. టార్గెట్ కనిపించడానికి అడ్డం లేనంతవరకు కెమెరాను కిందికి వంచండి. లెన్స్ పైన మెరుపు లేని నల్ల హుడ్ ఒకటి పెట్టండి. త్రీడీ ప్రింట్ చేసినా సరే, నల్ల అట్టముక్క అయినా సరే. పక్కనుంచి పడే వెలుగు లెన్స్‌లో చెదిరి బొమ్మంతా పొగ పట్టినట్టు కావడాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తర్వాత బాగు చేయలేదు.

మూడోది కోడ్. ఎక్స్‌పోజర్, గెయిన్ (సెన్సర్ సిగ్నల్‌ను ఎంత పెంచాలన్నది), వైట్ బ్యాలెన్స్, థ్రెషోల్డ్‌లు అన్నీ కోడ్ మధ్యలో అక్కడక్కడా కాకుండా ఒకే సెట్టింగ్స్ ఫైల్లో ఉండాలి. ప్రాక్టీస్ ఫీల్డ్, మెయిన్ ఫీల్డ్, ఫైనల్స్ అని విడివిడి ప్రొఫైళ్లు ఉండాలి. వాటి మధ్య మారడం ఒక్క బటన్‌తోనో, ఒక్క లైన్‌తోనో జరగాలి. ఇంకొక మాట: ఈ పని టీమ్‌లో ఒకే విద్యార్థి చేతిలో ఉండిపోకూడదు. కనీసం ఇద్దరికి మొత్తం వరుస తెలిసి ఉండాలి. పోటీ రోజు ఆ ఒక్కరు రోబోను నడిపే డ్రైవర్ స్టేషన్‌లో ఉంటే పిట్‌లో (టీమ్ రోబోను బాగుచేసుకునే చోట) మిగిలినవాళ్లకు ఏం చేయాలో తోచదు.

వెంట తీసుకెళ్లాల్సినవి ఎక్కువేం ఉండవు. కొలత టేపు, మెరుపు లేని తెల్ల కాగితం లేదా ఫోటోగ్రాఫర్లు వాడే గ్రే కార్డు, లెన్స్ తుడిచే మెత్తటి గుడ్డ, ఆటలో వాడే అసలు వస్తువులు ఒకటి రెండు, సరైన కొలతలో ప్రింట్ చేసి పలకకు అంటించిన ట్యాగ్, అదనపు యూఎస్‌బీ కేబుల్. కావాల్సిన సాఫ్ట్‌వేర్ అంతా ఇంటర్నెట్ లేకుండా పనిచేసేలా ముందే ల్యాప్‌టాప్‌లో ఉండాలి.

2. హాలును ముందు కళ్లతో చూడండి

ఫీల్డ్ దగ్గరకు వెళ్లి, రోబో ఎత్తుకు కిందికి వంగి చూడండి. నిలబడి చూసేటప్పుడు కనిపించనివి చాలా ఆ ఎత్తులో కనిపిస్తాయి. కిటికీలు ఎటున్నాయి? పొద్దున పడే ఎండ మధ్యాహ్నానికి ఫీల్డ్‌లో ఏ మూలకు వస్తుంది? ఫీల్డ్ చుట్టూ ఉన్న పాలికార్బొనేట్ షీట్ల మీద ఏ లైట్లు ప్రతిఫలిస్తున్నాయి? వాటి వెనక నిలబడే వాలంటీర్ల దుస్తులు, స్పాన్సర్ బ్యానర్లు మీ టార్గెట్ రంగులోనే ఉన్నాయా?

తర్వాత ఫోన్ తీసి స్లో మోషన్‌లో, వీలైతే సెకనుకు 240 ఫ్రేముల వేగంతో, లైట్ల వైపు చూపించి వీడియో తీయండి. వీడియోలో వెలుతురు ఊగిసలాడుతూ కనిపిస్తే ఆ లైట్లకు ఫ్లికర్ ఉన్నట్టే. మామూలు కళ్లకు ఇది తెలియదు. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్న చోట ఇలాంటి లైట్లు సెకనుకు 100 సార్లు, 60 హెర్ట్జ్ ఉన్న చోట 120 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. మంచి డ్రైవర్ ఉన్న ఎల్‌ఈడీ లైట్లలో ఈ ఊగిసలాట దాదాపు కనిపించదు. స్టేజి మీద వాడే ఎల్‌ఈడీలను డిమ్ చేసినప్పుడు మాత్రం వేరే వేగంతో మినుకుమినుకుమనడం ఉంటుంది. తగ్గించిన వెలుతురులోనూ ఒకసారి వీడియో తీస్తేనే ఆ సంగతి బయటపడుతుంది.

నిర్వాహకులను ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: ఫైనల్స్‌కు గానీ, ప్రారంభోత్సవానికి గానీ లైటింగ్ మారుస్తారా? ఆడియన్స్ వైపు లైట్లు ఆర్పి ఫీల్డ్ మీద మాత్రమే స్పాట్‌లైట్ వేసే హాళ్లు ఉంటాయి. అలా చేస్తారని ముందే తెలిస్తే ఆ లైటింగ్‌ను ఒక నిమిషం వేసి చూపించమని మర్యాదగా అడగొచ్చు.

ఫీల్డ్ మీద కెమెరా సరిచూసుకునే సమయం ఎప్పుడిస్తారో నిబంధనల పుస్తకంలో వెతకండి. ఎఫ్‌ఆర్‌సీలో క్వాలిఫికేషన్ మ్యాచ్‌లకు ముందు సెన్సర్లు సరిచేసుకోవడానికి ఫీల్డ్‌ను తెరిచి ఉంచుతారు. డబ్ల్యూఆర్‌ఓలో ప్రాక్టీస్ సమయం ముగిశాక రోబోను చెకింగ్‌కు అప్పగించేయాలి, ఆపైన ఏమీ మార్చడానికి వీల్లేదు. అంటే అక్కడ మీ సెట్టింగ్స్ అన్నీ అప్పటికే రోబోలో ఉండిపోవాలి. ప్రాక్టీస్ ఫీల్డ్ సాధారణంగా హాల్లో వేరే మూలనో, వేరే గదిలోనో ఉంటుంది. అక్కడ తీసుకున్న అంకెలు మెయిన్ ఫీల్డ్‌లో పనిచేస్తాయని అనుకోకండి.

3. కెమెరాలో ఆటో అన్నదల్లా ఆపేయండి

ఆటో ఎక్స్‌పోజర్ ఫ్రేము మొత్తం సగటు వెలుతురు చూసి నిర్ణయం తీసుకుంటుంది. తెల్ల టీషర్ట్ వేసుకున్న రిఫరీ ఫ్రేములోకి రాగానే అది ఎక్స్‌పోజర్ తగ్గిస్తుంది, దాంతో మీ టార్గెట్ చీకటి పడుతుంది. నల్లటి రోబో అడ్డం వస్తే పెంచుతుంది, టార్గెట్ పాలిపోతుంది. ఆటో వైట్ బ్యాలెన్స్ ఇంకా ఇబ్బంది పెడుతుంది. పెద్ద ఎర్ర వస్తువు దగ్గరికొచ్చి ఫ్రేము నిండితే, లైటే ఎర్రగా ఉందనుకుని ఆ ఎరుపును తీసేస్తుంది. కాబట్టి ఆటో ఎక్స్‌పోజర్, ఆటో గెయిన్, ఆటో వైట్ బ్యాలెన్స్, ఆటోఫోకస్, బ్యాక్‌లైట్ కాంపెన్సేషన్ (వెనక వెలుగు ఎక్కువైతే బొమ్మను తనంతట తనే సరిచేసేది) అన్నీ ఆపండి.

ఇక్కడ చాలామంది తడబడే చోట్లు రెండున్నాయి. లినక్స్‌లో యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌లకు ఆటో ఎక్స్‌పోజర్ ఆగాలంటే ఆ కంట్రోల్‌కు 1 ఇవ్వాలి. 0 అంటే పూర్తి ఆటో, 3 అంటే చాలా వెబ్‌క్యామ్‌లు వాడే ఆటో పద్ధతి. సున్నా పెడితే ఆగిపోతుందనుకోవడం సహజం, కానీ ఆగదు. ఇక ఎక్స్‌పోజర్ విలువకు అక్కడి యూనిట్ 100 మైక్రోసెకన్లు, అంటే 60 అని ఇస్తే 6 మిల్లీసెకన్లు. విండోస్‌లో ఓపెన్‌సీవీ డైరెక్ట్‌షో (కెమెరాతో మాట్లాడే విండోస్ మార్గం) ద్వారా ఇచ్చే విలువ వేరు. అక్కడ మైనస్ 6 అంటే సెకనులో 64వ వంతు, దాదాపు 15.6 మిల్లీసెకన్లు. మైనస్ 7 అంటే అందులో సగం. ల్యాప్‌టాప్‌లో కుదిరిన అంకెను రోబోలోని చిన్న కంప్యూటర్‌కు అలాగే ఎక్కిస్తే రెండూ ఒకటి కావు.

కొన్ని కెమెరాలు కేబుల్ ఊడదీసి పెడితే పాత సెట్టింగ్స్ మర్చిపోయి మళ్లీ ఆటోలోకి వెళ్తాయి. అందుకే ప్రోగ్రాం మొదలైన ప్రతిసారీ సెట్టింగ్స్ రాయాలి. రాసిన తర్వాత కెమెరా నుంచి మళ్లీ చదివి సరిపోల్చాలి. తేడా ఉంటే డ్రైవర్ స్క్రీన్ మీద ఎర్రగా కనిపించేలా పెట్టండి. మ్యాచ్ ముందు టెన్షన్‌లో ఎవరూ లాగ్ ఫైల్ తెరిచి చూడరు.

4. ఎక్స్‌పోజర్‌ను రోబో కదలికను బట్టి నిర్ణయించండి

బొమ్మ అందంగా కనిపించేలా ఎక్స్‌పోజర్ పెట్టాలనిపిస్తుంది. రోబో మాత్రం బొమ్మను కదులుతూ తీస్తుంది. ఒక లెక్క వేసి చూద్దాం. ఫ్రేము వెడల్పు 640 పిక్సెళ్లు, కెమెరా చూపు వెడల్పు 60 డిగ్రీలు అనుకుంటే ఒక్కో డిగ్రీకి సుమారు 10.7 పిక్సెళ్లు. రోబో సెకనుకు 180 డిగ్రీల వేగంతో తిరుగుతోంది. ఎక్స్‌పోజర్ 10 మిల్లీసెకన్లైతే ఆ కాస్త సమయంలోనే కెమెరా 1.8 డిగ్రీలు తిరుగుతుంది, అంటే బొమ్మ 19 పిక్సెళ్ల మేర అలుక్కుపోతుంది. ఎక్స్‌పోజర్ 2 మిల్లీసెకన్లైతే అలుకు దాదాపు 4 పిక్సెళ్లు.

ఇది ఎంత పెద్ద తేడానో ట్యాగ్ పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఎఫ్‌ఆర్‌సీలో 2024 నుంచి వాడుతున్న 36హెచ్11 రకం ట్యాగ్ నల్ల చదరం వెడల్పు 165.1 మిల్లీమీటర్లు, అందులో అడ్డంగా 8 గళ్లు. అదే కెమెరాకు 4 మీటర్ల దూరంలో ఆ ట్యాగ్ దాదాపు 23 పిక్సెళ్ల వెడల్పు కనిపిస్తుంది, ఒక్కో గడి 3 పిక్సెళ్లు కూడా ఉండదు. 19 పిక్సెళ్ల అలుకు అంటే ట్యాగ్ మొత్తం బూడిద రంగు చారగా మారినట్టే. 2 మిల్లీసెకన్ల దగ్గర కూడా గళ్లు ఒకదానిలోకి ఒకటి కలుస్తాయి, తిరిగే వేగం తగ్గినప్పుడే చదవగలదు. కాబట్టి ట్యాగ్‌లకు ఎక్స్‌పోజర్ ఎంత తక్కువ పెట్టగలిగితే అంత మంచిది. ఎఫ్‌టీసీ వాళ్ల సాఫ్ట్‌వేర్‌తో వచ్చే నమూనా ప్రోగ్రాంలో ట్యాగ్ వైపు నడిచే రోబోకు 6 మిల్లీసెకన్ల ఎక్స్‌పోజర్, గెయిన్ 250 పెట్టి ఉంటాయి. మామూలు వెబ్‌క్యామ్‌తో మొదలుపెట్టడానికి అది మంచి చోటు.

పని ఇలా చేయండి. గెయిన్‌ను మధ్యలో ఉంచండి. రోబోను ట్యాగ్ ఉండే అత్యంత దూరపు చోట నిలిపి, ఎక్స్‌పోజర్‌ను ఎక్కువ నుంచి మెల్లగా తగ్గిస్తూ రండి. ట్యాగ్ అప్పుడప్పుడు మాయమవడం మొదలైన చోట ఆగి, గెయిన్ పెంచి మళ్లీ తగ్గించడం మొదలుపెట్టండి. గెయిన్ ఎక్కువైతే నల్ల గళ్లలో తెల్ల చుక్కలు మెరుస్తాయి, రోబో కదలకుండా ఉన్నా లెక్కగట్టిన దూరం వణుకుతుంది. ఆ వణుకు మీ పనికి అడ్డం కానంత వరకు గెయిన్ పెంచుకోవచ్చు. మసక కంటే చుక్కలే నయం. చుక్కలున్న బొమ్మను డిటెక్టర్ చాలావరకు తట్టుకుంటుంది, అలుక్కుపోయిన బొమ్మను మాత్రం తట్టుకోలేదు.

గ్లోబల్ షట్టర్ కెమెరా (ఫ్రేము మొత్తాన్ని ఒకేసారి పట్టేది) కొనగలిగితే ట్యాగ్ పనికి అదే సరైనది. ఓవీ9281 సెన్సర్ ఉన్న నలుపు తెలుపు కెమెరాలను అందుకే చాలా టీమ్‌లు ఎంచుకుంటాయి. రోలింగ్ షట్టర్ కెమెరా ఫ్రేమును వరుసలు వరుసలుగా చదువుతుంది కాబట్టి రోబో తిరిగేటప్పుడు చదరపు ట్యాగ్ పక్కకు ఒరిగినట్టు వస్తుంది.

ఫ్లికర్ ఉన్న హాల్లో మాత్రం పీటముడి పడుతుంది. వెలుతురు సెకనుకు 100 సార్లు మారుతున్నప్పుడు ఎక్స్‌పోజర్ సరిగ్గా 10 మిల్లీసెకన్లో, దాని రెట్టింపో ఉంటే ప్రతి ఫ్రేముకూ సమాన వెలుతురు అందుతుంది. 120 సార్లు మారే చోట ఆ అంకె 8.33 మిల్లీసెకన్లు. అంతకంటే తగ్గిస్తే ఒక ఫ్రేము వెలుగ్గా, ఇంకోటి చీకటిగా వస్తుంది. రోలింగ్ షట్టర్ అయితే ఒకే ఫ్రేములో చారలు పడతాయి. ఏది వదులుకోవాలి? ట్యాగ్‌లకైతే ఫ్లికర్‌ను భరించి తక్కువ ఎక్స్‌పోజరే ఉంచండి. ఒక ఫ్రేము పోయినా తర్వాతిది అందుకుంటుంది. రంగు పనికైతే 10 లేదా 8.33 మిల్లీసెకన్ల దగ్గర ఆగి, వస్తువును వెతికేటప్పుడు రోబో తిరిగే వేగం తగ్గించండి.

రోబో మీద సొంత లైటు పెట్టుకోవచ్చా అని అడుగుతుంటారు. దగ్గరి వస్తువులకు, నేల మీది గీతలకు అది బాగా పనిచేస్తుంది. హాలు లైటింగ్ ఎలా మారినా ఆ దూరంలో మీ లైటే పైచేయిగా ఉంటుంది. 4 మీటర్ల దూరంలోని వస్తువుకు మాత్రం చిన్న ఎల్‌ఈడీ రింగ్ ఏమీ చేయలేదు. ఎఫ్‌ఆర్‌సీలో ఒకప్పుడు ఆకుపచ్చ రింగ్ లైటుతో అంత దూరం పని జరిగిందంటే, అక్కడ టార్గెట్ మీద వెలుగును వచ్చిన వైపుకే తిప్పి పంపే రెట్రోరిఫ్లెక్టివ్ టేపు ఉండేది.

5. వైట్ బ్యాలెన్స్

ట్యాగ్‌లు మాత్రమే చూసే టీమ్ ఈ దశను దాటేయవచ్చు.

రంగు చూసేవాళ్లు తెల్ల కాగితాన్ని గానీ గ్రే కార్డును గానీ టార్గెట్ ఉండే చోటే, అదే వాలులో పెట్టండి. వైట్ బ్యాలెన్స్ టెంపరేచర్‌ను జరుపుతూ కాగితం మధ్యలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం సగటు విలువలు చూడండి. మూడూ దాదాపు సమానం కావాలి. 255లో ఐదారు అంకెల తేడా ఉన్నా పర్వాలేదు. కాగితం విలువలు 180 నుంచి 200 మధ్య ఉండాలి. ఏ ఒక్కటి 255కు తగిలినా ముందు ఎక్స్‌పోజర్ తగ్గించి మళ్లీ చూడండి, లేకపోతే ఆ పోలికకు అర్థం ఉండదు.

ఒక వైపు కిటికీ, పైన పసుపు లైట్లు ఉన్న హాల్లో ఫీల్డంతటికీ సరిపోయే ఒక్క విలువ దొరకదు. అప్పుడు సగటు కోసం పాకులాడకుండా, రంగు తప్పు చదివితే ఎక్కువ పాయింట్లు పోయే చోటు ఏదో అక్కడికి సరిగ్గా పెట్టండి. మిగతా చోట్ల తేడాను థ్రెషోల్డ్ చూసుకుంటుంది.

6. బొమ్మలు తీసి దాచండి, తర్వాతే థ్రెషోల్డ్

లైవ్ వీడియో చూస్తూ స్లైడర్లు జరిపితే, ఆ క్షణంలో కనిపించే ఒక్క బొమ్మకే థ్రెషోల్డ్ సరిపోతుంది. దాని బదులు సెట్టింగ్స్ స్థిరం చేశాక, రోబోను ఫీల్డ్ అంతా తోసుకుంటూ తిరిగి బొమ్మలు తీయండి. దగ్గర, దూరం, నీడ, లైటు కింద, మూలలు, రెండు అలయన్స్ (కలిసి ఆడే టీమ్‌ల జట్టు) వైపులూ. ఇవి ఒక ఫోల్డర్. టార్గెట్ లేకుండా, కానీ బ్యానర్లు, వాలంటీర్లు, ఇతర రోబోల బంపర్లు, మెరిసే నేల కనిపించేలా తీసినవి ఇంకో ఫోల్డర్. ఈ రెండోది ఎవరూ పట్టించుకోరు గానీ, మ్యాచ్‌లో రోబో తప్పుదారి పట్టేది ఎక్కువగా దీని వల్లే. ఫీల్డ్ సమయం అయిపోయాక పిట్‌లో కూర్చుని ప్రశాంతంగా పనిచేసుకోవడానికి ఈ ఫోల్డర్లే ఆధారం.

ఓపెన్‌సీవీలో హెచ్‌ఎస్‌వీ అనే రంగుల లెక్క వాడేటప్పుడు హ్యూ (ఏ రంగు అన్నది) 0 నుంచి 179 దాకా, మిగతా రెండూ, అంటే సాచురేషన్ (రంగు గాఢత), వాల్యూ (వెలుగు), 0 నుంచి 255 దాకా ఉంటాయి. స్వచ్ఛమైన పసుపు 30, ఆకుపచ్చ 60, నీలం 120, మెజెంటా 150. ఎరుపు 0 దగ్గరా, 179 దగ్గరా రెండు వైపులా ఉంటుంది కాబట్టి దానికి రెండు రేంజ్‌లు రాసి కలపాలి.

ఎక్స్‌పోజర్ తప్పితే రంగు ఎలా జరిగిపోతుందో ఒక ఎర్ర దిమ్మెతో చూడండి. సరైన వెలుతురులో దాని ఎరుపు 200, ఆకుపచ్చ 40, నీలం 50 అనుకుందాం. హ్యూ 178, సాచురేషన్ 204 వస్తాయి. చక్కటి ఎరుపు. లెక్క తేలికగా ఉండటానికి గామాను (కెమెరా వెలుతురు విలువలను వంచే తీరును) పక్కన పెట్టి, వెలుతురు నాలుగు రెట్లయిందనుకోండి. ఎరుపు 255 దాటలేక అక్కడే ఆగిపోతుంది, ఆకుపచ్చ 160కి, నీలం 200కి చేరతాయి. ఇప్పుడు హ్యూ 167, సాచురేషన్ 95. ఎర్ర దిమ్మె గులాబీ రంగులోకి పాలిపోయి మెజెంటా వైపు జరిగింది. ఫ్యూచర్ ఇంజనీర్స్‌లో పార్కింగ్ చోటుకు ఉండే మెజెంటా గోడలకూ ఎర్ర దిమ్మెకూ తేడా తెలియకపోవడం ఇక్కడే మొదలవుతుంది. ఈ స్థితిలో హ్యూ రేంజ్ పెంచితే మెజెంటా కూడా లోపలికి వచ్చేస్తుంది. ఎక్స్‌పోజర్ తగ్గిస్తే ఎరుపు తన చోటుకు తనే తిరిగి వస్తుంది.

థ్రెషోల్డ్ పెట్టడానికి నేను సూచించే పద్ధతి ఇది. దాచిన బొమ్మల్లో టార్గెట్ మీది పిక్సెళ్లను మాత్రమే ఎంచుకుని, వాటి హ్యూ, సాచురేషన్, వాల్యూ విలువల్లో రెండు చివరల 5 శాతాన్ని వదిలేసి మిగిలిన రేంజ్ తీసుకోండి. హ్యూకు కొద్దిపాటి అంకెల వెసులుబాటు ఇవ్వండి. సాచురేషన్‌కు కింది హద్దు గట్టిగా ఉంచండి, నేల మీది తెల్లటి మెరుపును ఆపేది అదే. వాల్యూను మాత్రం బాగా వెడల్పుగా వదలండి, వెలుతురు హెచ్చుతగ్గులన్నీ ముందు తగిలేది దానికే. ఇప్పుడు టార్గెట్ లేని ఫోల్డర్ మీద నడపండి. ఎక్కడైనా పట్టుకుందంటే రంగు హద్దులు బిగించే ముందు ఆకారం చూడండి. కనీస వైశాల్యం, ఎత్తు వెడల్పుల నిష్పత్తి, ఫ్రేములో ఉండదగిన చోటు. మీ కెమెరా ఎత్తునూ వంపునూ బట్టి, నేల మీద నిలబడే దిమ్మె ఎప్పటికీ కనిపించని భాగం ఫ్రేములో ఉండొచ్చు. ఆ భాగాన్ని వదిలేయమని చెబితే బ్యానర్లు, టీషర్ట్‌లు చాలావరకు వాటంతటవే తప్పుకుంటాయి.

7. ట్యాగ్ దూరాన్ని టేపుతో కొలిచి చూడండి

రోబోను నిలిపి, కెమెరా నుంచి ట్యాగ్ దాకా టేపుతో కొలవండి. 1, 2, 4 మీటర్ల దగ్గర సాఫ్ట్‌వేర్ చెప్పే దూరంతో పోల్చండి. లోపం వెలుతురులో ఉందో, వేరేచోట ఉందో తేల్చేది ఈ పరీక్షే. అంకె వణుకుతూ, ఒక్కోసారి మాయమవుతూ ఉంటే సమస్య ఎక్స్‌పోజర్‌దో గెయిన్‌దో. అంకె స్థిరంగా ఉండి అన్ని దూరాల్లోనూ ఒకే నిష్పత్తిలో తప్పుతుంటే వెలుతురుకు సంబంధం లేదు. లెన్స్ కాలిబ్రేషన్ గానీ, కోడ్‌లోని ట్యాగ్ కొలత గానీ తప్పు. ఎఫ్‌ఆర్‌సీలో 2023 ట్యాగ్ 152.4 మిల్లీమీటర్లు, 16హెచ్5 రకం. 2024లో కొలత, రకం రెండూ మారాయి. పాత కోడ్‌లో రకాన్ని మార్చి కొలతను మర్చిపోతే 4 మీటర్లు ఉన్నచోట 3.69 మీటర్లని చెబుతుంది. ఈ తప్పును వెలుతురు మీదికి నెట్టి గంటలకొద్దీ ఎక్స్‌పోజర్ జరుపుతూ కూర్చోవడం చూస్తే బాధేస్తుంది.

8. కదులుతూ, చెడ్డ చోట పరీక్షించండి

రోబోను నిలబెట్టి చేసిన పరీక్షలో పాసైనంత మాత్రాన సరిపోదు. ఫీల్డ్ మీద అన్నిటికన్నా చీకటి మూలా, కిటికీకి ఎదురుగా ఉండే చోటూ ఎంచుకోండి. నిబంధనలు అనుమతిస్తే రోబోను మ్యాచ్ వేగంతో తిప్పండి, లేకపోతే చేత్తో తిప్పండి. టార్గెట్ చూపు పరిధిలో ఉన్న ఫ్రేముల్లో ఎన్నిటిలో పట్టుకుందో లాగ్ చేయండి. రెండు అలయన్స్ వైపులా చేయాలి, ఎందుకంటే ఒక వైపు వెలుతురు వెనకనుంచి వస్తే ఇంకో వైపు కళ్లలోకి కొడుతుంది.

కనిపించనప్పుడు రోబో ఏం చేయాలన్నది కూడా ఇక్కడే పరీక్షించండి. లెన్స్‌ను చేత్తో మూసి ఆటోనమస్ (రోబో తనంతట తానే నడిచే దశ) నడపండి. చక్రాల లెక్క మీద ముందుకెళ్లాలా, ఆగాలా, మెల్లగా తిరుగుతూ వెతకాలా అన్నది మీ ఆటను బట్టి ఉంటుంది. పాత విలువను పట్టుకుని గుడ్డిగా దూసుకెళ్లడం మాత్రం ఉండకూడదు.

9. మ్యాచ్ రోజు

ప్రతి మ్యాచ్ ముందు లెన్స్ తుడవండి. వేలిముద్ర ఒకటి పడితే చాలు, ప్రతి లైటు చుట్టూ వెలుగు వలయం వస్తుంది. ఏ ప్రొఫైల్ ఎక్కిందో, కెమెరా నుంచి తిరిగి చదివిన విలువలు సరిపోయాయో చూడండి. ఒక ఫ్రేము సేవ్ చేయండి. మ్యాచ్ మధ్యలోనూ సెకనుకు ఒక ఫ్రేము చొప్పున రోబోలోనే దాచుకోండి. గురి తప్పిన మ్యాచ్ తర్వాత అవి చూస్తే వాదనలు లేకుండా కారణం తెలిసిపోతుంది. ఒక్క మ్యాచ్ చెడిందని సెట్టింగ్స్ మార్చకండి, ముందు ఆ ఫ్రేములు తెరవండి. చాలాసార్లు కెమెరా వంగిపోయి ఉంటుంది, లేదా కేబుల్ కదిలి ఆటోలోకి వెళ్లి ఉంటుంది.

ఫైనల్స్‌కు లైట్లు మార్చినప్పుడు మళ్లీ మొదటినుంచి చేసే సమయం ఉండదు. ఫీల్డ్ మీద ఎప్పుడూ ఉండే తెల్లటి భాగం ఒకటి ముందే గుర్తుపెట్టుకోండి, ట్యాగ్ చుట్టూ ఉన్న తెల్ల అంచు అయినా సరే. కొత్త వెలుతురులో తీసిన ఒక్క ఫ్రేములో దాని విలువను పాతదానితో పోల్చండి. వెలుతురు సగానికి పడిందని తేలితే ఎక్స్‌పోజర్‌ను కదపకుండా గెయిన్‌ను రెట్టింపు చేయండి. గెయిన్ డెసిబెల్స్‌లో ఉండే కెమెరాలో అది 6 డెసిబెల్స్. వెలుతురు రెట్టింపైతే గెయిన్ తగ్గించండి. అదీ చాలకపోతే ఎక్స్‌పోజర్ తగ్గించండి. తెల్లటి భాగం పసుపు గానీ నీలం గానీ తిరిగిందంటే, రంగు చూసే రోబోలో వైట్ బ్యాలెన్స్ కూడా జరపాలి. థ్రెషోల్డ్‌ను ముట్టుకోవద్దు. కొత్త విలువలను ఫైనల్స్ ప్రొఫైల్‌లో వేరుగా సేవ్ చేయండి. అది తేడా చేస్తే వెంటనే మెయిన్ ఫీల్డ్ ప్రొఫైల్‌కు వెనక్కి రావచ్చు.